ఏసీ నడుస్తోంది, గది చల్లబడట్లేదు: గ్యాస్ దాకా వెళ్లే ముందు చూడాల్సినవి

ఎండాకాలం మొదలై ఏసీ కూలింగ్ తగ్గిందంటే చాలామంది ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయి ఉంటుంది." వచ్చిన మెకానిక్ కూడా ప్యానెల్ తెరవకముందే అదే అంటాడు, సిలిండర్ బిగిస్తాడు, డబ్బు తీసుకుని వెళ్తాడు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఏసీలో గ్యాస్ వంటింటి సిలిండర్‌లాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు లేకపోతే గ్యాస్ తగ్గదు, లీకు ఉంటే ఎంత నింపినా నిలవదు.

అందుకే అనుమానించే వరుస మార్చాలి. ముందు రిమోట్, తర్వాత ఫిల్టరు, బ్లోయరు, ఆ తర్వాత బయటి యూనిట్, కరెంటు, అన్నిటికంటే చివర గ్యాస్. మొదటి రెండు మీ చేతిలో పనులే, పైసా ఖర్చు లేదు. మిగిలినవాటిలో కూడా సగం కళ్లతో చూసి, చేత్తో తాకి తెలుసుకోవచ్చు. ఇక్కడ రాసేదంతా మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 1 టన్ను, 1.5 టన్ను స్ప్లిట్ ఏసీల గురించి. విండో ఏసీకి కూడా పైపుల సంగతి తప్ప మిగతావి చాలావరకు వర్తిస్తాయి.

ఒక హద్దు ముందే గీసుకోండి. ఇండోర్ ముందు మూత తెరవడం, ఫిల్టరు కడగడం, టార్చి వేసి చూడడం మీ పని. స్క్రూడ్రైవర్ పట్టాల్సి వచ్చిన చోట మీ పని అయిపోయింది. ఏది తాకినా ముందు ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దించండి, రిమోట్‌తో ఆపడం సరిపోదు. ఔట్‌డోర్ యూనిట్ మూడో అంతస్తు సన్‌షేడ్ మీద ఉంటే దాని జోలికే పోవద్దు. ఏసీ శుభ్రం చేయబోయి జారిపడడం కంటే వృథా ప్రమాదం లేదు.

## మొదటి పని: ఒక థర్మామీటరు

"సరిగ్గా చల్లగా రావట్లేదు" అనేది ఫిర్యాదు, కొలత కాదు. మే నెల మధ్యాహ్నం బయట 44 ఉన్నప్పుడు బాగున్న ఏసీ కూడా నీరసంగానే అనిపిస్తుంది. కంపెనీలు లేబుల్ మీద వేసే సామర్థ్యం బయట 35, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 దాటిన రోజున అదే మెషీను అంత వేడిని బయటికి తోయలేదు. అది లోపం కాదు, దాని స్వభావం.

కాబట్టి చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, వైరు చివర సెన్సర్ ఉన్నదైతే ఇంకా నయం. తర్వాత ఇలా చేయండి:

1. ఫిల్టర్లు కడిగి, తలుపులు మూసి, ఏసీని కూల్ మోడ్‌లో 16 దగ్గర, ఫ్యాన్ హైలో పెట్టండి.
2. 15 నుంచి 20 నిమిషాలు ఆగండి. ఆన్ చేసిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది.
3. ఇండోర్ పైభాగంలో, గాలి లోపలికి పీల్చుకునే చోట ఎంత ఉందో చూడండి.
4. కింద గాలి బయటికొచ్చే సందులో, రెక్కల దగ్గర, మళ్లీ చూడండి.

రెండింటి మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే యంత్రం తన పని చేస్తున్నట్టే, తప్పు గదిలోనో మీ అంచనాలోనో ఉంది. 5 కంటే తక్కువుంటే నిజంగా లోపం ఉంది. మధ్యలో ఉంటే ముందు శుభ్రం చేసి మళ్లీ కొలవండి.

ఇందులో ఊరిని బట్టి ఒక సవరణ ఉంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. ఏసీ శక్తిలో పెద్ద వాటా ఆ తేమను నీళ్లుగా మార్చడానికే పోతుంది, అందుకని డిగ్రీల తేడా కాస్త తక్కువే కనిపిస్తుంది. అక్కడ డ్రెయిన్ పైపు నుంచి నీళ్లు ధారగా పడుతుంటే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాలు, రేకులు) చల్లగానే ఉన్నట్టు. అనంతపురంలో ఏప్రిల్ నెలలో డ్రెయిన్ దాదాపు పొడిగా ఉన్నా కంగారు పడక్కర్లేదు, గాలిలో నీళ్లే లేవు.

ఇన్వర్టర్ ఏసీ ఉన్నవాళ్లు 16 దగ్గర పెట్టి కొలవమన్నది ఊరికే కాదు. గది మీరు పెట్టిన డిగ్రీకి దగ్గర పడగానే ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గిస్తుంది, అప్పుడు గాలి కూడా అంత చల్లగా రాదు. 26 దగ్గర పెట్టి, గది 27 ఉన్నప్పుడు కొలిచి "కూలింగ్ లేదు" అనుకుంటే బాగున్న మెషీన్ని విప్పించుకున్నవాళ్లవుతారు.

## రిమోట్‌లో దాక్కున్న లోపాలు

నవ్వకండి, చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. ఈమధ్య వచ్చే ఏసీల్లో "కన్వర్టిబుల్" అని ఒక సదుపాయం ఉంటోంది. కరెంటు ఆదా కోసం సామర్థ్యాన్ని 80, 60, 40 శాతానికి తగ్గించుకోవచ్చు. చలికాలంలో ఎవరో నొక్కి వదిలేసింది ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది. 1.5 టన్ను డబ్బు పెట్టి కొన్న ఏసీ ఒక టన్ను పని కూడా చేయకపోవచ్చు. ముందు దాన్ని 100 శాతానికి తెచ్చి చూడండి.

డ్రై మోడ్ తేమ తీయడానికి, అందులో కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యాన్ మోడ్‌లో కంప్రెసర్ అసలు తిరగదు. ఎకో మోడ్ వేగానికి కళ్లెం వేస్తుంది. స్లీప్ మోడ్ అయితే రాత్రి గడిచేకొద్దీ డిగ్రీలు మెల్లగా పెంచుతుంది. తెల్లవారుజామున చెమట పట్టి లేచేవాళ్లు ముందు దీన్ని చూసుకోవాలి. మంచు రేకు గుర్తు ఉంటేనే కూల్ మోడ్. ఇక డిగ్రీలు: 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న కొత్త రూమ్ ఏసీలు 24 డిఫాల్ట్‌తో రావాలని నిబంధన ఉంది. కాబట్టి మీరేమీ మార్చకుండా ఆన్ చేస్తే అది 24కే ప్రయత్నిస్తుంది.

"ఐ ఫీల్" లాంటి పేర్లతో ఉండే బటన్ నొక్కితే ఏసీ గది వేడిని తన సెన్సర్‌తో కాకుండా రిమోట్‌లోని సెన్సర్‌తో చూస్తుంది. రిమోట్ ఏసీ గాలి నేరుగా తగిలే చోట పడి ఉంటే గది చల్లబడిందని పొరబడి కంప్రెసర్ ఆపేస్తుంది.

## ఫిల్టరు అందరూ చూస్తారు, బ్లోయరు ఎవరూ చూడరు

ఫిల్టరు సంగతి క్లుప్తంగా: వాడకం ఎక్కువున్న రోజుల్లో రెండు వారాలకోసారి తీసి, వెనకవైపు నుంచి మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. రోడ్డు పక్క ఇల్లయినా, పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నా వారానికోసారి. ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది. కొన్ని మోడళ్లలో జాలీ మీద సన్నటి అదనపు ఫిల్టర్లు అతికించి ఉంటాయి. వాటిని కడగకూడదు, మార్చాలి. అవి నిండిపోయి గాలికి అడ్డంగా ఉంటే ప్రస్తుతానికి తీసేసినా నష్టం లేదు.

ఫిల్టరు దోషమో కాదో తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష. ఫిల్టర్లు తీసేసి పది నిమిషాలు నడపండి. గాలి ఒక్కసారిగా ఉధృతమైతే దొంగ దొరికినట్టే. తేడా లేకపోతే చూపు లోపలికి పోవాలి.

ఎంసీబీ దించి, గాలి వచ్చే సందులోకి టార్చి వేయండి. లోపల పొడవాటి డ్రమ్ములాంటిది కనిపిస్తుంది, అదే బ్లోయరు. దాని రెక్కలు సన్నగా, లోపలికి వంగి ఉంటాయి. ఆ వంపుల్లో నల్లటి జిగట మట్టి పేరుకుపోయి ఉంటే బ్లోయరు ఎంత వేగంగా తిరిగినా గాలి తోయలేదు. ఫిల్టరు అద్దంలా మెరుస్తున్నా గాలి మంచం దాకా రాదు. "చల్లగానే ఉంది కానీ గాలి రావట్లేదు" అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. వంటింటికి దగ్గరగా, హాల్లో ఉన్న ఏసీల్లో పోపు నూనె ఆవిరి కూడా కలిసి ఈ మట్టి మరింత గట్టిపడుతుంది.

దీన్ని బ్రష్షుతో బయటినుంచి గీకకండి, రెక్క విరిగితే బ్లోయరు బ్యాలెన్స్ తప్పి గడగడా శబ్దం మొదలవుతుంది. జెట్ సర్వీసు (జోరుగా నీళ్లు కొట్టి కడగడం) చేసేవాళ్లను పిలవండి, అయితే వచ్చినతనికి ముందే చెప్పండి: "కాయిల్ మీద నీళ్లు కొట్టడం కాదు, బ్లోయరు కూడా శుభ్రం కావాలి, కింద ట్రే కూడా." ఫోమ్ వేసి పావుగంటలో ముగించే సర్వీసుల్లో బ్లోయరు దాదాపు ఎప్పుడూ మిగిలిపోతుంది. ఘాటైన యాసిడ్ వాసన వచ్చే ద్రవం కొడుతుంటే ఆపమనండి. అల్యూమినియం రేకులు అప్పటికి తళతళా మెరిసినా తర్వాత పొడిపొడిగా రాలతాయి.

కాయిల్ మీద ఐసు కనిపిస్తే. మూత తెరిచినప్పుడు రేకుల మీద తెల్లగా మంచు గట్టి ఉంటే దాన్ని గీకకూడదు, వేడినీళ్లు పోయకూడదు. కూల్ మోడ్ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో గంటా రెండు గంటలు నడపండి. కింద బకెట్టు పెట్టడం మర్చిపోవద్దు. ఐసు పట్టడానికి కారణాలు రెండు వైపుల నుంచి వస్తాయి: గాలి తక్కువగా పారడం, లేదా గ్యాస్ తక్కువగా ఉండడం. కాయిల్ అంతటా సమానంగా పేరుకుంటే సాధారణంగా గాలి లోపం. ఒక మూలో, మొదటి రెండు మూడు గొట్టాల దగ్గరో మాత్రమే పేరుకుని మిగతా కాయిల్ పొడిగా, గోరువెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గినట్టు. ఈ తేడా ఫోటో తీసి పెట్టుకోండి, మెకానిక్ వచ్చేసరికి ఐసు కరిగిపోతుంది.

మూత తెరిచే ఉంది కాబట్టి ఇంకో సంగతి. కాయిల్ ముందు చిన్న ప్లాస్టిక్ క్లిప్పులో నల్ల వైరు చివర బొట్టులాంటి సెన్సర్ ఉంటుంది. గది వేడి చూసేది అదే. సర్వీసు చేసినప్పుడు ఊడి, చల్లటి కాయిల్‌కి ఆనుకుని ఉంటే ఏసీకి గది ఎప్పుడూ చల్లగానే కనిపిస్తుంది. ఆన్ చేసిన కాసేపటికే కంప్రెసర్ ఆగిపోతూ, గది వేడిగానే ఉంటే దీన్ని అనుమానించాలి. సర్వీసు అయిన మర్నాడే కూలింగ్ తగ్గితే మరీ ముఖ్యంగా.

## ఔట్‌డోర్ యూనిట్: అసలు కథ ఇక్కడే

ఏసీ చలిని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. పారబోసే చోటు మూసుకుపోతే లోపల ఎంత బాగున్నా లాభం లేదు. అయినా ఔట్‌డోర్ ఎలా ఉందో ఏడాదికోసారైనా తొంగిచూసే ఇళ్లు తక్కువ.

ఏసీ పావుగంట నడిచాక ఔట్‌డోర్ ముందు చెయ్యి పెట్టండి. వేడిగాలి గట్టిగా తగలాలి. ఇక్కడ నాలుగు రకాలుగా ఉండొచ్చు.

ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మామూలుగా ఉంది, వేడి లేదు: కంప్రెసర్ తిరగట్లేదు, లేదా తిరుగుతున్నా గొట్టాల్లో గ్యాస్ దాదాపు లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి సెగలు కక్కుతోంది కానీ జోరు లేదు: కాయిల్ మట్టితో మూసుకుపోయింది. ఫ్యాన్ తిరగట్లేదు, కంప్రెసర్ మాత్రం గుర్రుమంటోంది: వెంటనే ఆపేయండి, ఇలా నడిపితే కంప్రెసర్ కాలిపోతుంది. రెండూ ఆగి ఉన్నాయి: కరెంటు అందట్లేదు లేదా లోపలి బోర్డు ఆదేశం ఇవ్వట్లేదు. ఆగిన ఫ్యాన్‌ను పుల్లతో తిప్పి నడిపించే ప్రయోగాలు వద్దు.

యూనిట్ వెనకవైపు, ఒక పక్క కనిపించే సన్నటి రేకుల గోడే కండెన్సర్ కాయిల్. దాని మీద దుమ్ము, పావురాల ఈకలు, పక్కన ఎండేసిన బట్టల నూలు కలిసి దుప్పటిలా పరుచుకుంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాలు ఔట్‌డోర్ వెనక గూడే కట్టేస్తాయి. యూనిట్ బాల్కనీలో, నేల మీద అందేలా ఉంటే మీరే కడగొచ్చు. ఎంసీబీ దించి, పావుగంట ఆగి, తోటకు పట్టే పైపుతో మెల్లటి ధారగా నీళ్లు పట్టండి. కారు కడిగే ప్రెషర్ గన్ పట్టుకుంటే రేకులు మడిచిపెట్టుకుపోతాయి, అప్పుడు గాలి అసలే పారదు. వైర్లు లోపలికి వెళ్లే పక్క తడవకూడదు. ఆరాక అరగంట తర్వాతే ఆన్ చేయండి.

ఎండాకాలంలో కొందరు ఔట్‌డోర్ మీద తడి గోనె కప్పుతారు, బోరు నీళ్లు చిమ్మే ఏర్పాటు చేస్తారు. తాత్కాలికంగా కూలింగ్ పెరిగిన మాట నిజమే. కానీ మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎంతుంటుందో గీజర్ రాడ్డు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నీరు ఆవిరై ఆ తెల్ల పొర రేకుల మీదే మిగిలిపోతుంది. రెండు సీజన్లు గడిచాక దాన్ని వదిలించడం ఎవరివల్లా కాదు. దానికంటే యూనిట్‌కి నీడ కల్పించండి, గాలికి అడ్డురాని ఎత్తులో చిన్న రేకు చాలు.

గాలి సంగతి అంతకన్నా ముఖ్యం. వెనక గోడకూ యూనిట్‌కూ మధ్య కనీసం జానెడు, ముందు మూడడుగులైనా ఖాళీ ఉండాలి. మీ మోడల్‌కి కచ్చితమైన కొలతలు మాన్యువల్‌లో ఉంటాయి. బాల్కనీకి గ్రిల్లు, దానికి మళ్లీ ప్లాస్టిక్ షీటు, లోపల ఔట్‌డోర్: ఇలా పెడితే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. అపార్ట్‌మెంట్ డక్టులో ఒకదాని మీద ఒకటి ఐదారు ఔట్‌డోర్లు ఉంటే పై అంతస్తువాళ్ల యూనిట్‌కి కిందివాళ్లందరి వేడీ వెళ్తుంది. రాత్రి పది దాటాక, పక్క ఫ్లాట్ల ఏసీలు ఆగినప్పుడు మీది బాగా చల్లబడుతుంటే కారణం ఇదేనని దాదాపు ఖాయం. దానికి గ్యాస్ నింపితే ఏమొస్తుంది?

## పైపులు చూసి లోపం పసిగట్టడం

ఔట్‌డోర్ పక్కన రెండు రాగి పైపులు బిగించి ఉంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ప్రెషర్ కొలిచే గేజీ లేకుండానే ఇవి చాలా చెప్తాయి. ఏసీ ఫుల్‌గా నడుస్తున్నప్పుడు లావు పైపు వాల్వు చల్లగా, చెమట పట్టి ఉండాలి. చాలా స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ పీడనం తగ్గించే భాగం బయటి యూనిట్‌లోనే ఉంటుంది కాబట్టి సన్నపైపు కూడా చల్లగానే ఉంటుంది.

సన్నపైపు మీద మాత్రమే తెల్లగా ఐసు, లావు పైపు పొడిగా, గది వేడితో ఉంటే గ్యాస్ తగ్గిన లక్షణం. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే కంప్రెసర్ నడవట్లేదు, లేదా గ్యాస్ దాదాపు లేదు. లావు పైపు మీద కూడా ఐసు కడితే ముందు ఇండోర్‌లో గాలి పారుదల చూడాలి. పైపు కలిసే నట్టు చుట్టూ నూనె మరక, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే అది లీకు ఆనవాలు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటపడుతుంది. అక్కడ సబ్బు నురగ రాసి చూస్తే బుడగలు లేవొచ్చు.

పైపులకు చుట్టిన నల్లటి స్పాంజి ఎండకు చీలి ఊడిపోతే దారిలోనే చల్లదనం పోతుంది. డాబా మీద పది పదిహేను అడుగులు పైపు సాగిన ఇళ్లలో ఈ నష్టం ఎక్కువ. కొత్త స్పాంజి చుట్టి పైన టేపు వేయించండి, తక్కువ ఖర్చుతో అయిపోయే పని.

## కరెంటు వైపు

ఫ్యాన్ ఆన్ అవుతుంది, కంప్రెసర్ "మ్మ్" అని మూలిగి పది సెకన్లలో టక్కుమని ఆగుతుంది, కాసేపాగి మళ్లీ అదే. పాత ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీలో ఇలా జరిగితే మొదట చూడాల్సింది కెపాసిటర్ (కంప్రెసర్ మొదలవడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా), రెండోది వోల్టేజి. కెపాసిటర్ పైమూత ఉబ్బి ఉంటే చూడగానే తెలిసిపోతుంది. ఉబ్బకపోయినా మీటర్‌తో కొలిపించండి, దాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువ కంటే బాగా పడిపోతే మార్చాలి. కంప్రెసర్ పోయిందని చెప్పి పెద్ద బిల్లు వేసేముందు ఇది మార్చి చూశారా అని అడగడం మీ హక్కు. అయితే కెపాసిటర్‌ను మీరు తాకకండి. ఎంసీబీ దించాక కూడా అందులో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలవ ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డుల్లో ఇది మరీ ప్రమాదం.

సాయంత్రం ఏడు నుంచి పది మధ్య మాత్రమే కూలింగ్ తగ్గుతుంటే వోల్టేజిని అనుమానించండి. వీధంతా ఏసీలు వేసే వేళ అది. స్టెబిలైజర్ డిస్‌ప్లేలో లోపలికి వచ్చే వోల్టేజి చూపించే బటన్ ఉంటుంది. 230 ఉండాల్సింది 180 కిందికి పడిపోతుంటే మెషీన్ది తప్పు కాదు. 1.5 టన్నుకి సాధారణంగా 4 కేవీఏ స్టెబిలైజర్ వాడతారు. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసి ఉన్న ఇన్వర్టర్ ఏసీలకు కూడా ఒక వోల్టేజి పరిధి ఉంటుంది, మీ వీధి ఆ పరిధిలో ఉందో లేదో చూడండి. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు కంప్రెసర్ రాకపోవడం లోపం కాదు, దాని రక్షణ కోసం పెట్టిన ఆలస్యం.

మెకానిక్ దగ్గర క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) ఉంటే ఆంపియర్లు చూపించమనండి. ఔట్‌డోర్ పక్కన అతికించిన ప్లేటు మీద రేటెడ్ కరెంటు రాసి ఉంటుంది. ఫిక్స్‌డ్ స్పీడ్ మెషీన్‌లో దానికంటే బాగా తక్కువ లాగుతుంటే గ్యాస్ తక్కువ, లేదా కంప్రెసర్ లోపల అరిగింది. బాగా ఎక్కువ లాగుతుంటే కండెన్సర్ మూసుకుపోయింది, ఫ్యాన్ నెమ్మదించింది, లేదా ఎవరో గ్యాస్ ఎక్కువ నింపారు. ఎక్కువ గ్యాస్ కూడా కూలింగ్‌ని తగ్గిస్తుందని చాలామందికి తెలియదు.

ఇన్వర్టర్ ఏసీ ఏదైనా ఎర్రర్ కోడ్ చూపిస్తే ఎంసీబీ దించి వేసేముందు ఫోటో తీసుకోండి. కోడ్‌కి అర్థం కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చివర్లో పట్టిక ఉంటుంది. బోర్డు మీదికి బల్లి ఎక్కి షార్ట్ అయిన కేసులు మన దగ్గర కొత్తేమీ కాదు.

## ఇప్పుడు గ్యాస్

పైవన్నీ సరిగ్గా ఉండి, గాలి తేడా 5 డిగ్రీలు దాటక, పైపుల లక్షణాలు కూడా అటే చూపిస్తే గ్యాస్ మాట నమ్మండి. ఇక్కడ నుంచి పని పూర్తిగా మెకానిక్‌ది, కానీ పక్కన నిలబడి చూడాల్సినవి ఉన్నాయి.

మొదట ప్లేటు మీద ఏ గ్యాసో చూడండి. పాతవాటిలో ఆర్-22, తర్వాత వచ్చినవాటిలో ఆర్-410ఏ, ఇప్పటి వాటిలో ఎక్కువగా ఆర్-32, కొన్నింటిలో ఆర్-290. ఒకదానికి బదులు మరొకటి పడదు. ఆర్-290 అంటే ప్రొపేన్, తేలిగ్గా అంటుకుంటుంది. ఆర్-32 కూడా కొంతమేర మండే గుణమున్నదే. ఇవి ఉన్న గొట్టాలకు గ్యాస్ ఖాళీ చేయకుండా మంట పెట్టి వెల్డింగ్ చేయబోతే అక్కడ నిలబడకండి, చేయనివ్వకండి.

గేజీ బిగించి అంకె చెప్పినప్పుడు ఏసీ నడుస్తోందా ఆగిందా అడగండి. ఆగి ఉన్నప్పటి ప్రెషర్ బయటి వేడిని బట్టి ఉంటుంది. గొట్టంలో కొంచెం ద్రవం మిగిలున్నా అంకె నిండుగానే కనిపిస్తుంది, ఎంత గ్యాస్ ఉందో అది చెప్పదు. నడుస్తున్నప్పుడు లావు పైపు దగ్గర ఆర్-22కి 60 నుంచి 75 పీఎస్ఐ, ఆర్-32, ఆర్-410ఏలకు దాదాపు 110 నుంచి 150 మధ్య ఉండడం మామూలు. ఆర్-22 రోజుల అలవాటులో ఆర్-32 మెషీన్‌కి 65 చూసి "సరిపోయింది" అనేవాళ్లున్నారు, ఆ ప్రెషర్‌లో కాయిల్ సున్నాకి చాలా కిందికి పోయి ఐసు కడుతుంది.

సరైన పద్ధతి ఇది. ముందు గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి లీకు వెతకాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెనక్కి పంపేయండి, నూనెతో కలిసి పేలుతుంది. లీకు దొరికాక, నట్టు దగ్గరైతే పైపు చివర మళ్లీ ఫ్లేర్ చేసి (గరాటులా విప్పార్చి) బిగించాలి, కాయిల్‌లో అయితే వెల్డింగో, కాయిల్ మార్చడమో. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట గాలి, తేమ లాగేయాలి. పంపు ఆపాక కాసేపు గేజీ ముల్లు నిలిచిందో లేదో చూడాలి. ఆఖరున ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం, కాటా మీద సిలిండర్ పెట్టి, గ్యాస్ నింపాలి.  వంద గ్రాముల తేడా కూడా లెక్కలోకొస్తుంది, అందుకే చెవితోనో చేతి స్పర్శతోనో నింపడం కుదరదు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి లీకైనదానిమీద నింపకుండా ఉన్నదంతా తీసేసి కొత్తగా నింపించుకోవడమే మేలు.

లీకులు ఎక్కువగా ఎక్కడ వస్తాయంటే ఊరిని బట్టి. సముద్రం దగ్గర ఉప్పుగాలి రేకుల్ని, కాయిల్‌ని తినేస్తుంది. మురుగు నాలాల పక్క ఇళ్లలో ఆ కుళ్లు వాసనలోని హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి సూది బెజ్జాలు చేస్తుంది. అలాంటి చోట కాయిల్‌లో ఒక బెజ్జం పూడిస్తే ఇంకోటి పడుతుంది. ఒకే కాయిల్‌కి రెండోసారి లీకు వస్తే అతుకులు మానేసి, రక్షణ పూత ఉన్న కొత్త కాయిల్ ధర అడగండి. పాత ఆర్-22 మెషీన్ అయితే ఆ డబ్బు కొత్త ఏసీలో పెట్టడం నయం. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో ఆ గ్యాస్‌ని 2030 నాటికి పక్కన పెట్టాల్సిందే.

ఇల్లు మారాక కూలింగ్ తగ్గిందా? విప్పేటప్పుడు గ్యాస్‌ని ఔట్‌డోర్‌లోకి సరిగ్గా లాగి వాల్వులు మూయలేదు, లేదా బిగించేటప్పుడు వాక్యూమ్ చేయకుండా కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేశారు. పైపు వంచేటప్పుడు నొక్కుకుపోయి ఉండొచ్చు కూడా. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు బిగించే రోజే వాక్యూమ్ పంపు తెచ్చారో లేదో చూసుకోవాలి.

## యంత్రం బాగుంది, గది బాగాలేదు

గాలి తేడా 10 డిగ్రీలు వస్తున్నా గది చల్లబడకపోతే లెక్క వేరే. 1.5 టన్ను అంటే గంటకు 18,000 బీటీయూలు, దాదాపు 5,200 వాట్ల వేడిని బయటికి పంపగలదు. నూట యాభై, నూట ఎనభై చదరపు అడుగుల పడకగదికి అది సరిపోతుంది. దాన్నే వంటిల్లు కలిసిపోయిన హాల్లో పెడితే చాలదు. పై అంతస్తులో, పడమటి గోడ ఉన్న గదిలో లెక్క ఇంకా మారుతుంది. రోజంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది. థర్మామీటరు 26 చూపిస్తున్నా ఒంటికి ఉక్కగా అనిపించేది అందుకే. డాబాకి తెల్లటి కూల్ పెయింటు గానీ సున్నం గానీ వేయించండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పెద్ద టన్ను ఏసీ కొనేముందు దీన్ని ప్రయత్నించడం మంచిది.

మిగతావి చిన్నవి. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తుంటే చల్లగాలి అటు పోతుంది. తలుపు కింద సందుకి పాత చీర చుట్టి పెట్టినా చాలు. ఏసీకి ఎదురుగా ఎత్తు బీరువా ఉంటే గాలి దానికి తగిలి వెనక్కే వెళ్లి, గది చల్లబడిందని ఏసీని మభ్యపెడుతుంది. ఫాల్స్ సీలింగ్ గూట్లో ఇండోర్‌ని ఇరికించినా అదే. సీలింగ్ ఫ్యాన్ చిన్న స్పీడులో వేయండి.

## రిపేరు అయ్యాక, డబ్బిచ్చే ముందు

మెకానిక్ ఉండగానే మళ్లీ 16 దగ్గర, హై ఫ్యాన్‌లో 20 నిమిషాలు నడిపించి, అదే థర్మామీటరుతో రెండు చోట్లా కొలవండి. ఆంపియర్లు చూపించమనండి. బిల్లులో లీకు ఎక్కడ దొరికింది, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అనేవి రాయించుకోండి. మార్చిన భాగం ఏదైనా పాతది అడిగి తీసుకోండి. వారంటీ కార్డు ముందే తీసి చూడండి, చాలా కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్ల దాకా ఇస్తాయి. కానీ గ్యాస్, లేబరు అందులో ఉన్నాయో లేదో విడిగా రాసి ఉంటుంది. కంపెనీ సర్వీసు వారంటీలో ఉన్నదానికి డబ్బడిగితే, లేదా చేసిన పని వారంలో చెడి మళ్లీ పలకకపోతే 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయొచ్చు. ఆ రోజు తేదీ, రెండు ఉష్ణోగ్రతలు, ఆంపియర్లు ఒక చీటీ మీద రాసి స్టెబిలైజర్ పక్కన అతికించండి. వచ్చే ఏడు కూలింగ్ తగ్గినట్టు అనిపిస్తే ముందు ఆ అంకెలతో పోల్చి చూడండి.